కైఫియత్తు లేని పటం

"ఉపగ్రహం అబద్ధమాడదు" అనే మాట కర్నూలు, కడప ప్రాంతాల్లో యిప్పుడు సామెతగా చెలామణి అవుతూ వుంది. గట్టు తగాదా వచ్చినా, కరువు మండలాల జాబితా వచ్చినా, పంట నమోదులో రైతు పేరు గల్లంతయినా, ఆ మాట ఒకటి విసిరితే చాలు, ఎదుటివాడు నోరు మూసుకోవాలి. మనుషులు అబద్ధమాడతారు, కరణాలు తరతరాలుగా ఆడారు. ఆకాశంలో ఇరవై వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే యంత్రానికి లంచం యిచ్చేవాడు లేడు. అంచేత అది చెప్పిందే నిజం. యిదీ వాదం. వినడానికి ముచ్చటగానే వుంది. యిందులో నిజమెంతో, మోసమెంతో తేల్చడం యీ వ్యాసం పని.

సాహిత్య విమర్శకు కేటాయించిన పత్రికలో కొలతల గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికే నాకు యిది తగిన పనే అని నా అభిప్రాయం. రాయలసీమ రచయితకు కరువు తెలుసు. బీటలువారిన చెరువూ, ఒట్టిపోయిన బావీ, వలసబండీ అతనికి తెలుసు. కాని ఆ కరువును యిప్పుడు ఎవరు, ఏ యంత్రంతో, ఏ లెక్కన కరువని నిర్ణయిస్తున్నారో అతనికి తెలియదు. తెలుసుకోవాలనే కోరికా కనిపించదు. విద్వాన్ విశ్వం "పెన్నేటి పాట" రాసిన నాటి కరువును యీనాటికీ అదే పద్ధతిలో వర్ణిస్తూ కూచుంటే, అది సంప్రదాయం పట్ల భక్తి కావచ్చు గాని వాస్తవికత కాదు.

ముందు యంత్రం సంగతి. జి.పి.ఎస్. ఉపగ్రహం మనల్ని చూడదు. మనమెక్కడున్నామో దానికి తెలియదు కూడా. అది చేసే పనల్లా తన గడియారంలో టైమెంతో, తానెక్కడ వుందో నిరంతరం చాటుతూ వుండడమే. ఆ కబురు కాంతి వేగంతో వస్తుంది. మన చేతిలోని పరికరం అది ఎంత ఆలస్యంగా చేరిందో చూసి, ఆ ఉపగ్రహం ఎంత దూరాన వుందో లెక్కగడుతుంది. మూడు దూరాలు తెలిస్తే మనం నిలబడిన చోటు తేలుతుంది. పరికరంలోని నాసిరకం గడియారాన్ని సరిచేసుకోవడానికి నాలుగో ఉపగ్రహం కావాలి. సెకండులో పది లక్షల వంతు తప్పితే చోటు మూడువందల మీటర్లు తప్పుతుంది. అంచేతనే ఉపగ్రహాల్లో అణుగడియారాలు పెట్టారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ గడియారాలు భూమి మీది వాటికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకండ్లు ముందుకు పోతాయి. ఆ సవరణ చేయకపోతే ఒక్క దినంలో పది కిలోమీటర్ల పొరపాటు పేరుకుంటుంది. మనిషి మేధస్సు సాధించిన మహత్తర విజయాల్లో యిది ఒకటి. దీన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే "అబద్ధమాడదు" అన్న మాట మాత్రం చరిత్రకు నిలవదు. జి.పి.ఎస్. అమెరికా సైన్యం సొత్తు. తన సైన్యానికి సరైన సంకేతమూ, మామూలు జనానికి కావాలని చెడగొట్టిన సంకేతమూ అది చాలాకాలం పంపింది. 2000 మే నెల మొదట ఆ ఏర్పాటును ఆపమని అమెరికా అధ్యక్షుడు ఆజ్ఞ యిచ్చేదాకా, జనం చేతిలోని పరికరానికి వందమీటర్ల దాకా తప్పు వుండేది. అంటే ఉపగ్రహం అబద్ధమాడింది. ఆడమన్నారు గనుక ఆడింది, మానమన్నారు గనుక మానింది. యీ పరాధీనత పోగొట్టుకోవడానికే మన దేశం సొంతంగా నావిక్ వ్యవస్థను తలపెట్టి, 2013 జులైలో మొదటి ఉపగ్రహాన్ని మన తెలుగునేల మీది శ్రీహరికోటనుంచే పంపింది. ఆ మొదటి ఉపగ్రహంలోని విదేశీ గడియారాలు చెడిపోయాయి. 2023 మేలో పంపిన ఉపగ్రహంలో స్వదేశీ అణుగడియారం పెట్టారు. 2025 జనవరిలో పంపినది తన కక్ష్యకు చేరనేలేదు. యంత్రం ఎవరిదన్న ప్రశ్న ఎంత పెద్దదో, ఎంత ఖర్చయినదో చెప్పడానికి యీ ఒక్క కథ చాలు.

యిక మన పొలాల సంగతి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు వచ్చాయి. రాష్ట్రమంతటా డెబ్బయి స్థిర కేంద్రాలు నెలకొల్పాలని నిర్ణయించారు. యీ కేంద్రం చేసే పని సులువుగా అర్థమవుతుంది. దాని చోటు ముందే ఖచ్చితంగా తెలుసు. ఉపగ్రహ సంకేతం చెప్పే చోటుకూ అసలు చోటుకూ తేడా ఎంతో అది కనిపెట్టి, పొలంలో నిలబడిన రోవరుకు ఆ దిద్దుబాటు అందిస్తుంది. మామూలు ఫోనులో అయిదారు మీటర్లుండే తప్పు రోవరులో కొన్ని సెంటీమీటర్లకు తగ్గుతుంది. పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త నంబర్లు వచ్చాయి. సర్వేరాళ్ల మీదా పాసుపుస్తకాల మీదా నాటి ముఖ్యమంత్రి పేరూ బొమ్మా కూడా వచ్చాయి. అవి ఏ ఉపగ్రహం పంపినవో మాత్రం ఎవరూ చెప్పలేదు.

సెంటీమీటరు లెక్కన కొలిచినా రైతుల గుండెలు ఎందుకు దడదడలాడాయి? రోవరు "ఎక్కడ" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. రైతు అడిగేది "ఎవరిది" అన్న ప్రశ్న. యీ రెండూ ఒకటి కావు. అన్నదమ్ములు నోటిమాట మీద పంచుకున్న చేనుకు ఆకాశంలో సాక్ష్యం లేదు. అందువల్లనే అనేక గ్రామాల్లో యిద్దరు ముగ్గురు యజమానుల భూమి ఒకే ఉమ్మడి నంబరు కింద పడింది. కొలత తప్పలేదు, కొలతకు ముందు తేలవలసినది తేలలేదు. ఆపైన 2023 అక్టోబరు 31న భూమి హక్కుల చట్టం అమల్లోకి వచ్చింది. హక్కు తగాదాను సివిల్ కోర్టునుంచి తప్పించి అధికారి చేతిలో పెట్టే చట్టమది. న్యాయవాదులు కోర్టులు మానేసి ఆందోళన చేశారు. 2024లో ప్రభుత్వం మారాక చట్టం రద్దయింది. చట్టం పోయింది గాని, దాని వెనుకనున్న ఊహ పోలేదు. కొలత ఖచ్చితమైతే హక్కు కూడా ఖచ్చితమైనట్టేనన్నది ఆ ఊహ.

యీ ఊహకు మన సీమలోనే పాత జవాబు వుంది. నిజాం 1800లో దత్తమండలాలను కంపెనీకి ధారపోశాక, థామస్ మన్రో 1807 దాకా కలెక్టరుగా వుండి పొలం పొలానా గొలుసు వేయించాడు. ఎందుకు? శిస్తు కోసం. అప్పటికి కర్నూలు నవాబు కింద వుంది; 1839లో కంపెనీ దాన్నీ మింగింది. మన్రో తర్వాత కాలిన్ మెకంజీ యీ మండలాలకు పటాలు గీయించాడు. అతనూ కంపెనీ నౌకరే. కాని అతను పటంతో ఆగలేదు. కావలి సోదరుల వంటి తెలుగువాళ్ల ద్వారా, స్థానిక గుమాస్తాల ద్వారా, ఊరూరా కైఫియత్తులు రాయించాడు. యీ చెరువు ఎవరు తవ్వించారు, యీ మాన్యం ఎవరిది, యీ ఊరి పొలిమేర ఏ గుండుదగ్గర తిరుగుతుంది, ఏ కరువులో పాడుపడింది, ఎవరు మళ్లీ కట్టించారు, యివన్నీ అందులో వున్నాయి. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వాటిని సంపుటాలుగా అచ్చువేసింది. మా విద్యార్థులు వాటిని భాష కోసం చదువుతారు. వాటిని రెవెన్యూవారూ సర్వేవారూ చదవాలంటాను.

కైఫియత్తును నేను నెత్తిన పెట్టుకోవడం లేదు. అది కరణం చెప్పగా రాసింది. అందులో మాలమాదిగల గోడు లేదు. దున్నినవాడి పేరుకంటే దానమిచ్చినవాడి పేరు పెద్దగా వుంది. అయినా ఒక్క సంగతి గమనించండి. పటం ఒక్కటే చాలదన్న ఇంగితం పరాయి దొరకు వుండింది. రెండువందల యేళ్ల తర్వాత, సొంత ప్రభుత్వంలో, పటం వచ్చింది, కైఫియత్తు రాలేదు.

ఆ లోపం ఎక్కడ తగులుతుందో చూద్దాం. జి.ఐ.ఎస్. అనేది పొరల మీద పొరలు పరిచిన పటం. ఒక పొర నేల రకం, ఒక పొర వాగులూ చెరువులూ, ఒక పొర సర్వే గట్లు, ఒక పొర పంట. ప్రతి గడికీ ఒక పట్టిక తగిలించి వుంటుంది. దాని బలమంతా ఆ పట్టికలోనే వుంది. పట్టికలో ఏ గళ్లుండాలో నిర్ణయించేది ఉపగ్రహం కాదు, ఆఫీసులో కూచున్న మనిషి. పట్టాదారు పేరుకు గడి వుంది. గుత్తకో కోరుకో చేసుకునే కౌలురైతు ఆ గడిలోకి ఎట్లా ఎక్కాలి? 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందం మీద యజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందని యజమాని భయం. సంతకం లేకపోతే పంట నమోదు లేదు, బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. చేను ఎక్కడుందో సెంటీమీటరు తప్పకుండా తెలిసిన రాజ్యానికి, ఆ చేలో వంగి కలుపు తీస్తున్నవాడెవడో తెలియదు! యిది యంత్రం చేతగానితనం కాదు. యిష్టంలేనితనం.

చుక్కల భూముల కథ యింతకంటె పాతది. వందేళ్ల కిందటి రిజిస్టరులో పట్టాదారు పేరు రాయవలసిన చోట చుక్కలు పెట్టారు. ఆ చుక్కల పుణ్యాన మూడు తరాలు దున్నుకున్నవాళ్లు కూడా అమ్ముకోలేక, అప్పు పుట్టక అల్లాడారు. 2017లో దానికోసం ప్రత్యేక చట్టమే చేయవలసివచ్చింది. కలంతో పెట్టిన చుక్క వందేళ్లు పీడించిందే, కంప్యూటరులో వదిలేసిన ఖాళీ గడి ఎన్నేళ్లు పీడిస్తుందో ఆలోచించండి.

బంజరు సంగతి మరొకటి. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలనుబట్టి దేశంలోని వృథాభూముల పటాలు తయారుచేసింది. ముళ్లపొదల నేలకు అందులో ఒక రంగు. గొర్రెల కాపరికి అది బంజరు కాదు, బతుకు. మంద ఏ నెలలో ఏ గుట్టకు పోతుందో చిత్రంలో కనబడదు. భూమి కావలసిన పరిశ్రమకు మాత్రం ఆ రంగు చాలా బాగా కనబడుతుంది.

యిక కరువు. ఆకు ఎర్రటి వెలుగును మింగుతుంది, పరారుణాన్ని తిప్పికొడుతుంది. ఆ రెంటి నిష్పత్తినుబట్టి ఉపగ్రహం పచ్చదనాన్ని లెక్కగడుతుంది. 2016 నాటి కేంద్ర కరువు నియమావళిలో వర్షపాతంతోపాటు యీ సూచికకూ స్థానం యిచ్చారు. మంచిదే. అయితే మా వైపు బుడ్డల చేను సంగతి ఆలోచించండి. ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తుంది. తర్వాత ఒక తుపాను వానకు తీగ మళ్లీ కళకళలాడుతుంది. పైనుంచి చూస్తే పచ్చగానే వుంటుంది. పీకి చూస్తే కాయ లేదు. పైగా వాగుగట్టున కంపచెట్లు ఏడాది పొడుగునా పచ్చగా వుంటాయి. మండలానికంతా లెక్కతీస్తే కాలువ కింది మడీ, ఎర్రనేల మెట్టా కలిసిపోతాయి. నేలమీద సరిచూడాలని ఆ నియమావళే చెబుతుంది. ఆ సరిచూడడం ఎంత నిజాయితీగా జరిగితే ఉపగ్రహం అంత నిజం చెబుతుంది. అంటే తిరిగి తిరిగి మనిషి దగ్గరికే వచ్చాం.

యింతవరకు చదివి, "చూశారా, యంత్రాలన్నీ సామ్రాజ్యవాదుల మాయ, కొలతే దోపిడీ" అని సంతోషించే మిత్రులు మన సంఘంలోనే వున్నారు. వాళ్లకు నేను మద్దతు యివ్వబోను. కొలత లేనప్పుడు లాభపడినదెవరు? గొలుసు పట్టినవాడికి విందుపెట్టగలిగిన పెద్దరైతు. డి.కె.టి. పట్టా పుచ్చుకుని, తన రెండెకరాలు ఏ గుట్ట పక్కనో తెలియక, చూపించే నాథుడు లేక తిరిగిన దళిత రైతుకు రోవరు శత్రువు కాదు. శ్రీశైలం జలాశయం కింద 885 అడుగుల మట్టానికి గీసిన గీత ఎన్నో కర్నూలు పల్లెల తలరాత రాసింది. 1981లో జనాన్ని వెళ్లగొట్టిన రోజున ఆ గీత ఇంజనీర్ల దగ్గర వుంది, ఊళ్ల దగ్గర లేదు. గీత వుండడం దోషమా, ఊరి చేతిలో లేకపోవడం దోషమా? యంత్రాన్ని తిట్టి చేతులు కడుక్కునేవాడు దాన్ని పాలకవర్గానికి పూర్తిగా వదిలేస్తున్నాడు. అది అభ్యుదయం కాదు.

కనుక మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ప్రతి గ్రామ పటం, దాని పొరలన్నిటితో సహా, గ్రామసభలో తెలుగులో చదివి వినిపించాలి. సాగుచేస్తున్న మనిషికి, యజమాని దయతో నిమిత్తం లేకుండా, పట్టికలో ఒక గడి వుండాలి. మందలు మేసే నేలకు దాని పేరుతోనే ఒక పొర వుండాలి. కరువు లెక్క వేసిన అంకెలు రైతుకు అందాలి; వాటిని కాదనే హక్కు అతనికి వుండాలి. హక్కు తగాదాలో చివరిమాట అధికారిది కాక న్యాయస్థానానిది కావాలి.

రచయితల పని వేరే వుంది. కైఫియత్తు రాయవలసినవాళ్లు మనమే. కరణం వదిలేసిన పేర్లతో, కంప్యూటరు వదిలేసిన గళ్లతో, ఊరూరా కొత్త కైఫియత్తులు రాయాలి. అందుకు కరువును గురించి కన్నీరు పెట్టుకునే శక్తి ఒక్కటే చాలదు. అడంగలు చదవడం రావాలి, పటం చదవడం రావాలి, పచ్చదనపు సూచిక అంటే ఏమిటో రైతుకు విడమరిచి చెప్పడం రావాలి. యివి నేర్చుకోవడం సాహిత్యం కాదనేవారు, సాహిత్యానికి ప్రజలతో పనేమిటో ముందు చెప్పాలి.