చేయి చాస్తే రుజువు చూపాలా?

గండిపేట అవతల, మొయినాబాద్ మండలం చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం మొక్కుకున్న పిల్లలు 11 ప్రదక్షిణలు చేస్తారు. కోరిక తీరితే వచ్చి 108 చేస్తారు. అమెరికా మీద ఆశ ఉన్నంత మాత్రాన వాళ్లది దొంగ భక్తని ఎవరూ అనరు. అనకూడదు కూడా. మరి గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు యూదు ధర్మం పాటిస్తామంటే, "డాలర్ల కోసమే" అని నోరు పారేసుకుంటారేం?

యాకోబి సోదరులు షమూయేలు, సాదోకు పూనుకోగా 1991లో అక్కడ, బెనె ఎఫ్రాయిం అని పిలుచుకునే ఆ సమాజానికి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, వెలిసింది. ఆ కుటుంబాల్లో ఎక్కువమందిది కూలి బతుకు. పిల్లలు హీబ్రూ చదవాలంటే పుస్తకాలు కావాలి, చెప్పేవాళ్లు కావాలి. విదేశీ యూదులను సాయం అడిగారు. అమెరికాలోని కులాను సంస్థ తోడు నిలిచింది. ఇందులో తప్పేముంది?

చందాలు అడగడం యూదు చదువుల చరిత్రలో సిగ్గుపడే పని కానే కాదు. జెరూసలేంలో యూదుల ధర్మగ్రంథం తోరా చదివిన పండితులు తరతరాలుగా పరదేశాల చందాలతోనే బతికారు. దానికి హలుక్కా అని పేరు. యూదు గురువులైన రబ్బీలు సంతకాలు పెట్టిన ఉత్తరాలు పట్టుకుని దూతలు దేశాలు తిరిగేవాళ్లు. 19వ శతాబ్దం మధ్యలో యాకోబ్ సఫీర్ అలాగే జెరూసలేం నుంచి బయల్దేరి యెమెన్ మీదుగా మన బొంబాయి, కొచ్చిన్ దాకా వచ్చాడు. జెరూసలేం మన గడప తొక్కి అడిగితే పుణ్యకార్యం, చేబ్రోలు అడిగితే మోసమా? చేయి చాచినవాడి కులం చూసి దానం పేరు మార్చేస్తారా?

ఇంకో మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని సవరణల ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. కాగితం మీద యూదుడినని రాసుకున్న మాదిగకు రిజర్వేషన్ పోతుంది. ఇజ్రాయెల్ చూస్తే వీళ్లను యూదులుగా గుర్తించలేదు. ఇటు ఉన్నది పోయే ప్రమాదం, అటు వచ్చేదేమిటో తెలియదు. లాభం లెక్కేసుకునేవాడు ఇలాంటి బేరానికి దిగుతాడా? ఎద్దుమాంసం తినడంలో, చనిపోయినవాళ్లను పూడ్చిపెట్టడంలో తమ యూదు పూర్వుల ఆనవాళ్లున్నాయని వాళ్లు చెప్పుకుంటారు. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. వెక్కిరించే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

సొంతూరి గుడికి డాలర్లు పంపే తెలుగువాళ్లారా, ఈ పిల్లల చదువుకూ పుస్తకాలు పంపండి. పంపే ముందు వాళ్ల వంశవృక్షం అడగకండి.