ముందు జెండా, తర్వాత స్టీరింగు

సౌదీలో ఏ తెలుగు సంఘం క్రీడల పట్టిక తీసినా క్రికెట్ టోర్నమెంటు, షటిల్, ఆడవాళ్లకు త్రోబాల్, పిల్లలకు చెస్, అంతటితో సరి. ఈ దేశమేమో కొద్ది ఏళ్లలోనే మోటారు పందేలకు పెద్ద వేదికయి కూర్చుంది. 2018 డిసెంబరులో దిరియాలో ఫార్ములా ఈ, 2020 జనవరిలో డాకర్ ర్యాలీ, 2021 డిసెంబరులో జెద్దా కార్నిష్ మీద ఫార్ములా వన్ వరసగా వచ్చాయి. మనవాళ్లు టికెట్లు కొని వెళ్తున్నారు, ఫొటోలు దిగి వస్తున్నారు. వచ్చాక వారం రోజులు కుర్రాళ్ల మాటలన్నీ బండ్ల చుట్టూనే తిరుగుతాయి. ఆ మోజును సంఘాలు ఇంతవరకు చూసీచూడనట్టు వదిలేశాయి, లేదంటే వార్షికోత్సవ వేదిక మీద ‘జాగ్రత్తగా నడపండి నాయనా’ అని ఒక మాట అని దిగిపోయాయి. క్రికెట్‌ను నెత్తిన పెట్టుకున్నట్టే మోటారు క్రీడనూ సంఘం చేతిలోకి తీసుకోవాలన్నది ఈ సంచికలో మా వాదన. అయితే కుర్రాళ్లు ఊహించుకునే దారి వేరు, మేం చెప్పేది వేరు. సొంత కారు వేసుకుని నేరుగా సర్క్యూట్ ఎక్కడం చివరి మెట్టు కావాలి, మొదటిది కాకూడదు.

అవకాశాల విషయంలో దహ్రాన్‌కు పట్టిన అదృష్టం సౌదీలో మరో విశ్వవిద్యాలయపు ఊరికి పట్టలేదు. 1963లో పెట్రోలియం కళాశాలగా మొదలైన ఇప్పటి కింగ్ ఫహద్ విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. దహ్రాన్, ఖోబర్, దమ్మామ్ మూడూ అతుక్కుపోయి ఒకే నగరంలా ఉంటాయి, మన ఇంజనీర్లు, కాంట్రాక్టు కంపెనీల సిబ్బంది దండిగా ఉన్న ప్రాంతమది. ఖోబర్ దగ్గర, 1986లో తెరిచిన 25 కిలోమీటర్ల వంతెన ఎక్కితే అవతల బహ్రెయిన్. వంతెన దిగిన అరగంటలో సఖీర్ వస్తుంది. 2004లో గల్ఫ్‌లో మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు జరిగిన బహ్రెయిన్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అక్కడిదే. 5.412 కిలోమీటర్ల ఆ ట్రాక్ మీద మామూలు జనం సొంత కార్లు నడుపుకునే ట్రాక్ డేలు, తిన్నని దారిలో దమ్ము చూసుకునే డ్రాగ్ రాత్రులు, పక్కనే కార్టింగ్ ట్రాక్, ఇవన్నీ ఏళ్ల తరబడి ఉన్నవే. తువల్‌లోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయం వాళ్లకు జెద్దా 80 కిలోమీటర్లే కాబట్టి వాళ్లదే పైచేయి అనిపిస్తుంది, కానీ జెద్దా సర్క్యూట్ స్వభావం వేరు. 6.174 కిలోమీటర్లలో 27 మలుపులు, ఫార్ములా వన్ కార్లు సగటున గంటకు 250 కిలోమీటర్ల దాకా పోయే వేగం, చాలాచోట్ల పక్కనే గోడ. సఖీర్‌లో తప్పు చేస్తే బండి పక్కనున్న విశాలమైన ఖాళీలోకి జారి ఆగుతుంది, జెద్దాలో ఆ వెసులుబాటు తక్కువ. కొత్తవాడు నేర్చుకోవాల్సిన చోటు కాదది. రియాద్ వాళ్లకు దిరాబ్ వైపు ట్రాక్ ఉంది. కిద్దియాలో 20 అంతస్తుల ఎత్తు మొదటి మలుపుతో కొత్త సర్క్యూట్ కడతామని 2024 మార్చిలో ప్రకటించారు. గొప్పగానే ఉంటుంది కాబోలు, మన అవసరానికి మాత్రం ఊళ్లో ఉన్న అద్దె కార్టింగ్ ట్రాకే దానికంటే ముఖ్యం.

ట్రాక్ డే అంటే రేసు అనుకునేవాళ్లు చాలామంది. కాదు. అక్కడ గెలుపోటములు లేవు, పోటీ పడితే బయటికి పంపేస్తారు. పొద్దున్నే అందరినీ కూర్చోబెట్టి నియమాలు చెప్తారు. అనుభవాన్ని బట్టి గుంపులు చేసి, ఒక్కో గుంపును పదిహేను, ఇరవై నిమిషాలు వదులుతారు. ముందున్న బండిని దాటడం తిన్నని దారిలోనే, అదీ ముందువాడు ‘సరే, పో’ అని సైగ చేశాకే. హెల్మెట్ తప్పనిసరి, కారులో వదులుగా ఉన్న సామాను, నీళ్ల సీసాతో సహా, తీసేయాలి. అలవాటు లేనివాళ్లకు అక్కడ మొదట తెలిసివచ్చేది తమ బండి పరిస్థితి. రోజూ ఆఫీసుకు తిప్పే కారులో బ్రేక్ ఆయిల్ పాతబడి తేమ పీల్చుకుని ఉంటుంది, సర్క్యూట్ మీద నాలుగు రౌండ్లు గట్టిగా తొక్కితే అది మరిగి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. హైవే మీద 140 దాటించి మురిసిపోయిన మనిషికి, బండి వేగం పుంజుకోవడం కంటే ఆగడమే పెద్ద పని అన్న సంగతి అప్పటికి గాని ఎక్కదు. మన ఎండల్లో ఈ వ్యవహారమంతా అక్టోబరు నుంచి ఏప్రిల్ లోపలే, లేదా రాత్రిపూట.

ఇలాంటి వాటిని సమర్థించేవాళ్లంతా ఒకే మాట చెప్తారు, ట్రాక్ మీద నేర్చుకున్నవాడు రోడ్డు మీద భద్రంగా నడుపుతాడని. వినడానికి బాగుంటుంది. మేం ఆ మాట చెప్పబోవడం లేదు, ఎందుకంటే ఆధారాలు అటువైపు లేవు. 1974లో అలన్ విలియమ్స్, బ్రయన్ ఓనీల్ అమెరికాలో లైసెన్సున్న రేసు డ్రైవర్ల రోడ్డు రికార్డులను మామూలు డ్రైవర్ల రికార్డులతో పోల్చి చూశారు. రేసు డ్రైవర్లకే ప్రమాదాలూ ఎక్కువ, వేగానికి పడ్డ జరిమానాలూ ఎక్కువ. నార్వేలో కొత్త డ్రైవర్లకు జారుడు రోడ్డు మీద బండిని అదుపు చేయడం తప్పనిసరిగా నేర్పించారు, కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని 1988లో వచ్చిన పరిశీలన తేల్చింది. కారణం ఊహించలేనిది కాదు. చేతిలో పనితనం వచ్చిందనుకున్నవాడు ఇదివరకు భయపడి తగ్గిన చోట ఇప్పుడు తగ్గడు. స్వీడన్‌లో నిల్స్ పెటర్ గ్రెగర్సన్ 1996లో ప్రచురించిన ప్రయోగం ఇంకా సూటిగా ఉంటుంది. ఒక గుంపుకు బండిని అదుపు చేసే నేర్పు చెప్పారు, ఇంకో గుంపుకు ఆ నేర్పు ఎక్కడ చాలదో చూపించారు. తర్వాత పరీక్షిస్తే రెండు గుంపుల సామర్థ్యంలో తేడా లేదు, కానీ మొదటి గుంపు తమకు బాగా వచ్చేసిందని నమ్మింది. ఈ సమాచారం తెలిసి కూడా, కుర్రాళ్లను పట్టుకెళ్లి సర్క్యూట్ మీద వదిలి ‘రోడ్డు భద్రతా కార్యక్రమం’ అని బ్యానరు కడితే సంఘం అబద్ధమాడినట్టే.

మరి ఎందుకు చేయాలి? మోజు ఎలాగూ ఉంది, దానికి చోటు దొరక్కపోతే రోడ్డునే చోటు చేసుకుంటుంది గనక. సౌదీ రోడ్ల మీద తఫ్‌హీత్, అంటే కారును అడ్డంగా జార్చే ఆట, కొన్ని దశాబ్దాల చరిత్ర ఉన్నది. దాని మీద పాస్కల్ మెనొరే 2014లో ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఇప్పుడు దానికి మొదటిసారి 20 వేల రియాళ్ల జరిమానా, 15 రోజులు బండి జప్తు. రెండోసారికి 40 వేలు, మూడోసారికి 60 వేలు. మనవాళ్లు అంతదాకా పోరు, నిజమే. కానీ దమ్మామ్–రియాద్ హైవే మీద అర్ధరాత్రి ఎవరి బండి ఎంత పోతుందో చూసుకునే సరదా మనకు లేదని ఎవరూ గుండె మీద చెయ్యేసి చెప్పలేరు. రోడ్డు మీది సాహెర్ కెమెరా కొట్టే ముఖాలఫా, అంటే జరిమానా, ఒక ఎత్తు, ప్రాణం పోతే వచ్చే చిక్కు మరో ఎత్తు. అనుకోకుండా జరిగిన మరణానికి దియ్యా, అంటే పోయినవాడి కుటుంబానికిచ్చే పరిహారం, 2011 నుంచి 3 లక్షల రియాళ్లు. బీమా సరిగా లేని బండి అయితే కేసు తేలేదాకా ప్రయాణ నిషేధం, ఊళ్లో ఇల్లు తాకట్టు. ఇంటి దగ్గర సంగతీ ఇంతకంటే మెరుగ్గా లేదు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 2011లో నాలుగు నెలల వ్యవధిలో ఇద్దరు ప్రముఖుల కొడుకులు ప్రమాదాల్లో పోయారు. రోడ్డు ఎంత బాగుంటే మోజు అంత పెరుగుతుంది, సౌదీలో రోడ్లు చాలా బాగుంటాయి.

అయితే చోటు చూపించడం ఒక్కటే చాలదని నార్వే, స్వీడన్ అనుభవాలు చెప్తున్నాయి కదా. అందుకే మేం మార్షల్ జెండాను ముందు పెడుతున్నాం. సర్క్యూట్‌లో ప్రతి మలుపు దగ్గరా మార్షల్స్ ఉంటారు. పసుపు జెండా ఊపితే ముందు ప్రమాదముంది, ఎవరూ ఎవర్నీ దాటకూడదు. ఎరుపు పడితే అందరూ తగ్గి పిట్‌లోకి రావాల్సిందే. ఎంత ఖరీదైన కారులో ఉన్నవాడైనా ఆ గుడ్డముక్కకు లొంగాలి. ఈ మార్షల్స్ చాలాచోట్ల జీతగాళ్లు కారు, శిక్షణ పొంది స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు, బహ్రెయిన్‌లో ప్రవాస భారతీయులు కూడా వాళ్లలో ఉన్నారు. 2020 నవంబరు 29న ఇదే సఖీర్‌లో మొదటి రౌండ్‌లోనే రొమైన్ గ్రోజాన్ కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప అడ్డుకట్టలోకి దూసుకుపోయి రెండు ముక్కలై మండిపోయింది. దాదాపు అర నిమిషం మంటల్లో ఉండి అతను బతికి బయటపడ్డాడంటే కారులోని రక్షణ ఏర్పాట్లు ఒక కారణం, మంటలార్పే సిలిండరు పట్టుకుని పరుగెత్తుకొచ్చిన మార్షల్, వెంటనే చేరుకున్న వైద్యుడు మరో కారణం. స్టీరింగు పట్టకముందు ఒక రేసు సీజను ట్రాక్ కంచె పక్కన నిలబడిన కుర్రాడికి, నేర్పు ఎక్కడ చాలదో ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు. గ్రెగర్సన్ రెండో గుంపుకు చూపించింది అతను రోజూ చూస్తాడు. రోజంతా జెండా పట్టుకుని నిలబడటానికి ఈ కాలం పిల్లలు వస్తారా అని అడిగేవాళ్లున్నారు. డబ్బు పోసినా దొరకనంత దగ్గర నుంచి రేసు చూసే చోటది, ఒకసారి చెప్పి చూడండి.

జెండా తర్వాత కార్టింగ్. అక్కడ అందరికీ ఒకే రకం బండి ఇస్తారు, కాబట్టి నాన్న కొనిచ్చిన కారు గొప్పదనం ఏమీ పనికిరాదు. నేలకు జానెడు ఎత్తున కూర్చుంటే 50 కిలోమీటర్లే వందలా అనిపిస్తుంది, తప్పు చేస్తే టైర్ల కట్టకు తగిలి ఆగుతుంది. బ్రేకు ఎక్కడ వేయాలి, మలుపులోకి ఏ గీత పట్టుకుని పోవాలి అన్న పాఠమంతా అక్కడే. యూరో జేకే శ్రేణిలో 2016, 2017 టైటిళ్లు గెలిచిన హైదరాబాదీ అనిందిత్ రెడ్డి మనకు తెలిసిన పేరు, ఆ స్థాయికి పోవాలని ఎవరికీ చెప్పడం లేదు. సరదాగా ఆడే క్రికెటరుకు రంజీ ఆడాలన్న షరతు మనం పెట్టామా?

డబ్బున్నవాళ్ల ఆట ఇది, సంఘం సొమ్ము దీనికెందుకు అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. సౌదీలోని తెలుగువాళ్లలో ఎక్కువమంది కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లో ఉండేవాళ్లు, ఇళ్లలో డ్రైవర్లు. వంతెన దాటాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ కావాలి, బహ్రెయిన్ వీసా కావాలి, ఇఖామా, అంటే నివాస అనుమతి కార్డులో రాసిన వృత్తిని బట్టి ఆ దారి కొందరికి సులువు, కొందరికి మూత. కంతుల మీద తీసుకున్న కారైతే ఫైనాన్స్ కంపెనీ పేరు మీదే ఉంటుంది, దేశం దాటించడానికి వాళ్ల అనుమతి పత్రం ఉండాలి. మామూలు బీమా సర్క్యూట్‌లో జరిగే నష్టానికి సాధారణంగా వర్తించదు, గోడకు తగిలితే ఖర్చు మొత్తం మనదే. కనకనే సంఘం డబ్బు ట్రాక్ డేకు పైసా ఖర్చు కాకూడదంటాం. అది పోయేవాడి సొంత ఖర్చు, సొంత బాధ్యత. సంఘం ఖర్చు పెట్టాల్సింది ఊళ్లోని కార్టింగ్ ట్రాక్‌ను గుంపుగా మాట్లాడుకోవడానికి, మార్షల్ శిక్షణకు వెళ్లేవాళ్ల దారి ఖర్చులకు. ఆ రెండింటికీ కారు అక్కర్లేదు. రోజుకు పన్నెండు గంటలు స్టీరింగు పట్టే ఇంటి డ్రైవరు కార్టింగ్‌లో ఇంజనీరును ఓడించే అవకాశం నిండుగా ఉంది, క్రికెట్ మైదానం తప్ప మన సంఘాల్లో ఈ రెండు వర్గాలూ సమానంగా నిలబడే చోట్లు పెద్దగా లేవు. 2018 జూన్ నుంచి ఇక్కడ ఆడవాళ్లు బండి నడుపుతున్నారు. మరుసటి ఏడాదే రీమా జుఫాలీ దిరియాలో పందెంలో పాల్గొని, సొంత దేశంలో రేసు నడిపిన మొదటి సౌదీ మహిళ అయింది. మన ఆడపిల్లలకు త్రోబాల్ ఒక్కటే రాసిపెట్టి ఉందనుకోవడం మన బద్ధకం.

మన ఊరికి దీనితో ఏం సంబంధం అని అడిగితే 2023 ఫిబ్రవరి 11 గుర్తు చేయాలి. హుస్సేన్ సాగర్ ఒడ్డున 2.835 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద ఫార్ములా ఈ జరిగింది. నగరం ట్రాఫిక్ జామ్‌ను తిట్టుకుంటూనే చూడటానికి ఎగబడింది. 2024 రేసు రద్దయి, ఆ తర్వాత అది కోర్టు కేసుల వార్త అయింది. రాజకీయాల మంచిచెడ్డలు ఎలాగున్నా, అడ్డుకట్టలు విప్పేశాక ఆ దారి పక్కన మిగిలిన క్రీడ తక్కువ. చెన్నైలో సంగతి వేరు. అక్కడ మద్రాస్ మోటర్ స్పోర్ట్స్ క్లబ్ ఎన్నో దశాబ్దాలుగా ఔత్సాహికులతో నడుస్తోంది, షోలవరంలోని పాత రన్‌వే మీద పందేలు ఆడి, 1990 నాటికి ఇరుంగట్టుకోట్టైలో సొంత సర్క్యూట్ కట్టుకుంది. ఏటా వచ్చిపోయే పెద్ద రేసు లేకున్నా అక్కడ జెండా పట్టేవాళ్లున్నారు, కార్టు నడిపేవాళ్లున్నారు. సఖీర్‌లోనో జెద్దాలోనో రెండు మూడు సీజన్లు పనిచేసి ఊరికి తిరిగి వెళ్లే తెలుగువాడు అలాంటి క్లబ్బుకు పనికొస్తాడు, ఫొటోలు దిగి వెళ్లినవాడు పనికిరాడు.

కార్యవర్గానికి మా సూచన ఇది. వచ్చే అక్టోబరు క్రీడల పట్టికలో దమ్మామ్, రియాద్, జెద్దా శాఖలు మూడూ ఒక్కో కార్టింగ్ శుక్రవారాన్ని చేర్చాలి. పేర్లు ఇచ్చే ఫారంలోనే మార్షల్ శిక్షణకు ఆసక్తి ఉందా అన్న గడి ఒకటి పెట్టాలి. సఖీర్ ట్రాక్ డే గురించి అడిగేవాళ్లకు సమాచారం ఇవ్వాలి గాని సంఘం పేరు మీద గుంపు కట్టొద్దు, కనీసం మొదటి రెండేళ్లు. ఖర్చు ఎంతవుతుందో కోశాధికారి గారు లెక్క వేసి సర్వసభ్య సమావేశం ముందు పెడితే, క్రికెట్ టోర్నమెంటు ఖర్చుతో పోల్చి చూసి సభ్యులే తేల్చుకుంటారు.