కథ కాదు... నువ్వేమంటావో చెప్పు!

లెక్కల్లో నూటికి నూరు. సైన్సు సంగతి అడగనే అక్కర్లేదు. అలాంటి అమ్మాయికి ఇంగ్లీషులో ‘సి’ గ్రేడు వచ్చింది. పుట్టిందీ పెరిగిందీ అమెరికాలో. కలలు కూడా ఇంగ్లీషులోనే కంటుంది. మరి ఆ గ్రేడేంటి? తండ్రికి అంతు పట్టలేదు. పేపరు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క స్పెల్లింగు తప్పు లేదు, వ్యాకరణం తప్పు అసలే లేదు. చివర్లో ఎర్రసిరాతో టీచరు రాసిన రెండు ముక్కలు మాత్రం ఉన్నాయి... ‘కథ చక్కగా చెప్పావు. నువ్వేమనుకుంటున్నావో చెప్పలేదు.’

న్యూజెర్సీ, టెక్సాస్, కాలిఫోర్నియా... తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో హైస్కూలు పిల్లలున్న ఇళ్లకు ఈ ఎర్రసిరా కొత్తేం కాదు.

ఆ తండ్రి చదువుకున్న తీరు వేరు. పదోతరగతి ఇంగ్లీషంటే ఒక వాచకం, ఒక నాన్‌డిటెయిల్డ్, ఆ రెంటికీ కలిపి ఓ గైడు. సారాంశం గైడులోనే ఉండేది, వ్యాసమూ గైడులోనే. ‘నా ఆశయం’ గురించి రాయమంటే క్లాసులో యాభైమందికీ ఒకటే ఆశయం! ఆవు వ్యాసం మాత్రమే వచ్చిన కుర్రాడు ఏ ప్రశ్న అడిగినా దాన్ని తీసుకెళ్లి ఆవుకే కట్టేశాడన్న జోకు ఊరికే పుట్టలేదు. కథలో ఫలానా పాత్ర గురించి నువ్వేమనుకుంటున్నావని అడిగినవాళ్లు లేరు. అడిగినా నోరు తెరిచే ధైర్యం ఉండేది కాదు.

అమెరికా హైస్కూల్లో 9 నుంచి 12 దాకా నాలుగు తరగతులు. సాధారణంగా నాలుగేళ్లూ ఇంగ్లీషు చదవాల్సిందే. అక్కడి ఇంగ్లీషంటే భాష నేర్పే క్లాసు కాదు. నవలలూ నాటకాలూ కవితలూ చదవాలి, వాటి గురించి మాట్లాడాలి, రాయాలి. మార్కులన్నీ ఆ రాతలోనే ఉంటాయి.

హార్వర్డ్ పెట్టిన మెలిక

ఈ పద్ధతికి 150 ఏళ్ల చరిత్ర ఉంది. తమ దగ్గర చేరాలనుకునే విద్యార్థులు ముందుగా ప్రకటించిన పుస్తకాల్లోంచి ఒకదాని మీద చిన్న వ్యాసం రాయాలని హార్వర్డ్ నిబంధన పెట్టింది. 1874 పరీక్షకు చెప్పిన పుస్తకాల్లో షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’, ‘జూలియస్ సీజర్’, ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’, గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’, స్కాట్ ‘ఐవాన్‌హో’ ఉన్నాయి. మిగతా కాలేజీలూ అదే దారి పట్టాయి. కాలేజీలు ఏ పుస్తకం అడిగితే హైస్కూళ్లు ఆ పుస్తకమే చెప్పడం మొదలుపెట్టాయి. మా పిల్లలు ఏం చదవాలో నిర్ణయించడానికి మీరెవరంటూ ఇంగ్లీషు టీచర్లకు కోపమొచ్చింది. 1911లో వాళ్లు షికాగోలో జాతీయ సంఘం పెట్టుకోవడానికి ఒక కారణం ఆ కోపమే.

ఇప్పుడు దేశమంతటికీ ఒకే జాబితా అంటూ లేదు. అయినా కొన్ని పుస్తకాలు మాత్రం తరాలు మారినా క్లాసు వదల్లేదు. ఫిట్జ్‌గెరాల్డ్ రాసిన ‘ది గ్రేట్ గాట్స్‌బీ’నే తీసుకోండి. 1925లో వచ్చినప్పుడు రచయిత ఆశించినంతగా అమ్ముడుపోలేదు. 1940లో ఆయన కన్నుమూసేనాటికి దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైనికుల కోసం చవక పుస్తకాలు అచ్చేసినప్పుడు సుమారు లక్షన్నర కాపీలు వాళ్లకు చేరాయి. ఆ తర్వాత విమర్శకులు మెచ్చారు, హైస్కూళ్లు అక్కున చేర్చుకున్నాయి. ఒకమ్మాయి ప్రేమ కోసం అడ్డదారిలో కోట్లు గడించి, చివరికి ఎవరికీ కానివాడిగా పోయిన మనిషి కథ అది. డబ్బుంటే గతాన్ని కూడా వెనక్కి తెచ్చుకోవచ్చా? పదహారేళ్ల పిల్లల్ని ఆ పుస్తకం అడిగే ప్రశ్న అదే.

హార్పర్ లీ ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) జాతివివక్ష గురించి మాట్లాడిస్తుంది. ఆర్థర్ మిల్లర్ నాటకం ‘ది క్రూసిబుల్’ (1953)లో ఉన్నది 1692 నాటి మంత్రగత్తెల విచారణ. రాసిందేమో కమ్యూనిస్టులంటూ మనుషుల్ని వెంటాడిన మెకార్తీ రోజుల్లో. ఈమధ్య వలస కుటుంబాల కథలూ చేరాయి. ఝుంపా లాహిరి ‘ది నేమ్‌సేక్’ (2003)లో బెంగాలీ కుర్రాడు తన పేరంటేనే చిరాకుపడతాడు. అది ఎందుకు పెట్టారో చాలాకాలానికిగానీ తెలియదు. హాజరు పిలిచేటప్పుడు టీచరు తన పేరు దగ్గర తడబడటం రోజూ చూసే తెలుగు పిల్లలకు ఆ కుర్రాడి బాధ వేరే చెప్పక్కర్లేదు.

గిరీశం చెప్పే పాఠం

ఇంతకీ ‘నువ్వేమంటావు’ అంటే ఏంటి? అక్కడి టీచర్లు మూడు మెట్లు చెబుతారు. ముందు ఒక వాదన ఉండాలి. దానికి పుస్తకంలోంచే ఆధారం చూపాలి. ఆ ఆధారం ఈ వాదనని ఎలా నిలబెడుతుందో వివరించాలి.

మనకు తెలిసిన ‘కన్యాశుల్కం’తో చూస్తే ఇది సులభంగా అర్థమవుతుంది. ‘గిరీశం మోసగాడు’ అని రాస్తే అది వాదన కాదు. నాటకం చూసినవాళ్లందరికీ తెలిసిందే. ‘గిరీశానికి ఇంగ్లీషు విద్య కాదు, పెట్టుబడి. దాన్ని చూసి మురిసిపోయే పెద్దలే ఆ వ్యాపారాన్ని నడిపిస్తారు’ అంటే... అది వాదన. కాదనేవాళ్లూ ఉండొచ్చు. అందుకే ఆధారం కావాలి. అగ్రహారంలో వెంకమ్మ ముచ్చట తీర్చడానికి గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో మాట్లాడుకునే ఘట్టం ఉందిగా! బళ్లో బట్టీపట్టిన ముక్కల్నే సంభాషణలా దొర్లించేస్తారు. తల్లి పొంగిపోతుంది. ఆ ఒక్క దృశ్యం చాలు. నూటపాతికేళ్ల క్రితమే గురజాడ బట్టీ చదువును అలా ఉతికి ఆరేశాడు.

ప్రతిభ ఉన్నవాళ్ల కోసం ‘అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్’ కోర్సులున్నాయి. హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువన్నమాట. ఈ పరీక్షలు 1956 నుంచి జరుగుతున్నాయి. ఇంగ్లీషును 1980లో భాషగా, సాహిత్యంగా రెండు పేపర్లు చేశారు. సాహిత్యం పరీక్ష 3 గంటలు. 55 బహుళైచ్ఛిక ప్రశ్నలకు గంట, 3 వ్యాసాలకు 2 గంటలు. ఒక వ్యాసం కవిత మీద, ఒకటి కథా భాగం మీద. మూడోదానికి పుస్తకాన్ని విద్యార్థే ఎంచుకోవచ్చు. వ్యాసానికి 6 మార్కులు. అందులో వాదనకు 1, ఆధారాలకూ వివరణకూ 4. మిగిలిన ఆ ఒక్కటీ ఆలోచనలో లోతుకు. అన్నిటికన్నా కష్టంగా వచ్చేది ఆ చివరి మార్కే.

అక్కడా గైడులున్నాయి!

అలాగని అక్కడ అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. 1958లోనే నెబ్రాస్కాలో ‘క్లిఫ్స్‌నోట్స్’ పేరుతో పసుపు, నలుపు అట్టల గైడులు మొదలయ్యాయి. మొదటి విడతలో వచ్చినవన్నీ షేక్‌స్పియర్ నాటకాల మీదే. పుస్తకం తెరవకుండా అవి చదివి గట్టెక్కిన తరాలున్నాయి. ఉపోద్ఘాతం, మూడు పేరాలు, ముగింపు... ఇలా ఐదు పేరాల అచ్చులో పోసి వ్యాసాలు తీయడమూ ఓ రకం బట్టీయేనని విసుక్కునే టీచర్లకు కొదవలేదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక సమస్య మరీ ముదిరింది. గాట్స్‌బీ మీద వ్యాసం కావాలంటే అరనిమిషం పని. దాంతో చాలామంది టీచర్లు మళ్లీ తరగతిలోనే, కళ్లముందే, కాగితం మీద రాయిస్తున్నారు. ఇదేదో తమ కాలం నాటి పద్ధతిలాగే ఉందని తల్లిదండ్రులు సరదాపడుతున్నారు. ఇంట్లో రాసుకొచ్చిన వ్యాసం చూసి ‘ఈ వాక్యం ఎందుకిలా రాశావ్?’ అని ఎదురుగా కూర్చోబెట్టి అడిగేవాళ్లూ ఉన్నారు. సొంతంగా రాసినవాళ్లు టకటకా చెప్పేస్తారు. లేనివాళ్లు నేలచూపులు చూస్తారు.

మన కుటుంబాలకు అసలు చిక్కు మరోచోట ఉంది. వాదించడం బళ్లో నేర్చిన పిల్లలు దాన్ని బళ్లోనే వదిలేసి రారు. భోజనాల దగ్గర ‘ఆ ఇంటి అబ్బాయితో స్నేహం మంచిది కాదు’ అంటే ‘అలాగే’ అనరు, ‘ఎందుకు’ అంటారు. ‘నేను చెబుతున్నాను కాబట్టి’ అన్న మాట ఆధారం కింద చెల్లదు. పెద్దలకు అది ఎదురుచెప్పడంలా వినిపిస్తుంది. పిల్లలకేమో అది టీచరు మెచ్చుకున్న గుణం. ఒకే పనికి ఒకచోట శభాష్, మరోచోట చీవాట్లు! ఎటు తిరగాలో తెలియక చాలామంది ఇంట్లో మాట్లాడటమే తగ్గించేస్తారు.

‘సి’ వచ్చిన అమ్మాయికి టీచరు మరో అవకాశమిచ్చింది. వ్యాసం తిరగరాసుకు రమ్మంది. రెండు రాత్రులు కూర్చుని రాసింది. ‘గాట్స్‌బీ పొరపాటు డబ్బు సంపాదించడం కాదు, పుట్టిన ఇంటిని దాచిపెట్టడం’ అన్నది ఈసారి ఆమె వాదన. తండ్రి చదివాడు. చాలాసేపు ఏమీ అనలేదు. ‘నువ్వు చదివిన పుస్తకం ఓసారి ఇవ్వమ్మా’ అన్నాడు చివరికి.

ఆ రాత్రి హాల్లో లైటు ఒంటిగంట దాకా వెలుగుతూనే ఉంది. పొద్దున్న కాఫీ తాగుతూ అన్నాడు... ‘నువ్వు రాసింది నేనొప్పుకోనమ్మలూ. వాడు దాచింది ఇంటిని కాదు, పేదరికాన్ని.’

అమ్మాయి పుస్తకం ఆయన ముందుకు జరిపింది.

‘ఏ పేజీలో ఉంది నాన్నా?’