పదును లేని పచ్చదనం

పాలకుర్తి చుట్టుపక్కల బొగ్గు లేదు, ఉన్నవి చెలకలు. వాన వెలిశాక గుప్పెడు మట్టి పిసికి చూసి, పదునుందో లేదో తేల్చుకున్నాకే ఇక్కడి రైతు విత్తనం వేస్తాడు. భూపాలపల్లి ఓపెన్‌కాస్ట్ గనుల పక్కన లేచిన మట్టిగుట్టలను మాత్రం మనం పచ్చగా కనబడుతున్నాయా లేదా అన్న ఒక్క చూపుతో సరిపెట్టేస్తున్నాం.

ఈ గనులు నడిపే సింగరేణి బొగ్గు సంస్థలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం 1975లో మొదలైంది. ఇప్పుడు ఆ సంస్థ బొగ్గులో ఐదింట నాలుగు వంతులకు పైగా ఇలా వచ్చేదే. టన్ను బొగ్గు కోసం అనేక ఘనపు మీటర్ల ఇసుకరాయి, షేలు తవ్వి పక్కన పోయాలి. దాంతో నేల తిరగబడుతుంది. వేల ఏళ్లుగా పైన తయారైన మట్టి అడుగున పడి, ఏనాడూ వేరు తగలని రాతిపొడి పైకొస్తుంది. దానిలో బంక తక్కువ, సేంద్రియ పదార్థం దాదాపు లేదు. వాలులో పడ్డ వాన నిలవకుండా దిగిపోతుంది. భారీ డంపర్లు తిరిగి గట్టిపడిన చదునులో ఇంకకుండానే పారిపోతుంది. పాలకుర్తి ఉన్న జనగామ జిల్లా కంటే భూపాలపల్లి వైపు వాన ఎక్కువే. అయినా గుట్ట మీద వేరుకు దక్కేది తక్కువ.

ఉప్పు సంగతి ఇంత సులువుగా కంటికి కనబడదు. మేఘాలయ జయంతియా కొండల్లో గంధకం ఎక్కువున్న బొగ్గు వల్ల వాగులు ఆమ్లమయ్యాయి. సింగరేణి బొగ్గులో గంధకం తక్కువ కాబట్టి మనకు ఆ ముప్పు అంతగా లేదు. కానీ లోతు నుంచి తీసిన రాయి గాలికీ నీటికీ చితుకుతున్నకొద్దీ లవణాలు విడుదలవుతాయి. గని నీటినే ఎండాకాలం మొక్కలకు పోస్తే, నీరు ఆవిరై అందులోని ఉప్పు మట్టిలో మిగులుతుంది. రైతుకు చౌడు గురించి కొత్తగా చెప్పేదేముంది? చౌడులో తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. మట్టి ఆరేకొద్దీ మిగిలిన నీటిలో ఉప్పు చిక్కబడుతుంది. అందుకే తేమ, ఉప్పు రెండూ కలిపి కొలవాల్సినవి. ఆగస్టులో తీసిన నమూనా శుభ్రంగా కనిపించిన చోటే ఏప్రిల్ నమూనా మరో కథ చెప్పవచ్చు. ఏడాదికి ఒక్క నమూనా, అదీ వానల్లో తీసినదైతే, అది పరీక్ష కాదు.

కేంద్రం 2009లో గనుల మూసివేత మార్గదర్శకాలు తెచ్చి, అందుకయ్యే డబ్బును, షరతు తీరేదాకా తీయలేని ఎస్క్రో ఖాతాలో వేయమని గని సంస్థలకు చెప్పింది. తవ్విన నేల మీద మళ్లీ గడ్డి పెంచాలని 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మంచివే. అయితే సుబాబుల్, తుమ్మ లాంటి మొండి చెట్లు పెరిగినంత మాత్రాన ఆ నేలలో పెసరో కందో పండుతుందని కాదు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలున్నాయి. ఉప్పును పట్టిచ్చే విద్యుత్ వాహకత వాటిలో ఒకటి. తేమ మాత్రం ఆ కార్డులోనూ లేదు.

ఇక ఈ గుట్టల మట్టిని బాగుచేసే మందుల సంగతి. చేల్పూరు విద్యుత్ కేంద్రం బూడిద కలిపితే నీరు నిలుస్తుందంటారు. నిలుస్తుంది నిజమే. దాంతోపాటు బోరాన్, లవణాలూ వస్తాయి. కొలిచి వేయకపోతే వైద్యమే రోగమవుతుంది. చెరువు మట్టి మేలైనదే కానీ దాని మీద మొదటి హక్కు చెలకలది. తవ్వకం మొదటి రోజున పైమట్టిని వేరుగా తీసి, ఎండకు చచ్చిపోకుండా గడ్డి పెంచి, త్వరగా తిరిగి పరచడమే అన్నిటికన్నా చవకైన పని. అది తర్వాత చేసేది కాదు కాబట్టే ఎక్కువగా తప్పిపోతుంది.

చాకలి ఐలమ్మ నాలుగెకరాల కోసం విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన చోటు పాలకుర్తి. ఎకరం విలువ ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. గనులు ఆరు నెలలకోసారి పర్యావరణ నివేదికలు ఇస్తూనే ఉన్నాయి. వాటితోపాటు ప్రతి మట్టిగుట్టకూ మే నెలలో, అక్టోబరులో వేరు లోతున తీసిన తేమ, లవణీయత అంకెలు గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఆ రెండు అంకెలు చూపని హెక్టారుకు ఎస్క్రో డబ్బు విడుదల చేయకూడదు.