కత్తెరకు ముందు లెక్క

స్కాట్లండు దేశపు గళ్ళ ఉన్నిబట్టతో మఫ్లరు తయారు చేయడం ఏమంత విద్య అని ఎవరైనా అడగవచ్చును. అడుగు వెడల్పున ఒక పీలిక కత్తిరించి, నాలుగంచులూ మడిచి కుడితే సరిపోదా? సరిపోదనే నా అభిప్రాయం. చేతిపని నేర్పే ఉపాధ్యాయులూ, నేర్చుకొనే విద్యార్థులూ ఈ చిన్న వస్తువును గూర్చి కొంత ఆలోచించడం మంచిది.

ఆ బట్టను టార్టన్ అంటారు. పడుగులో రంగులు ఏ వరసలో, ఎన్నేసి పోగులుగా వుంటాయో, పేకలోను సాధారణంగా అదే వరస, అదే లెక్క. ఒక రంగు పోగు అదే రంగు పోగును దాటినచోట అచ్చమైన రంగు కనబడుతుంది. వేరొక రంగును దాటినచోట మిశ్రమం. అందుచేత రెండు రంగుల దారంతో మూడు ఛాయలు, ఆరు రంగులతో 21 ఛాయలు ఏర్పడతాయి. స్కాట్లండు కొండసీమల పురుషుల వేషాన్ని 1746లో బ్రిటిష్ పార్లమెంటు నిషేధించింది. 1782లో ఆ శాసనం రద్దయింది. 2009 నుంచి టార్టన్లకు ప్రభుత్వపు పట్టిక ఒకటి వున్నది. అందులో రంగులతోబాటు నమోదయ్యేది పోగుల లెక్కే. లెక్కతో పుట్టిన బట్టను లెక్క చూడకుండా కోయడం న్యాయం కాదు.

ఈ బట్టలో బరువురకం, సుమారు 5 అడుగుల పన్నాలో, గజం పొడవుకు దాదాపు 16 ఔన్సులు, అనగా 450 గ్రాములు తూగుతుంది. కిల్టు అనే మడతల వస్త్రానికి దీనిని వాడతారు. ఆ కిల్టుకు సంప్రదాయం ప్రకారం కింది అంచు మడిచి కుట్టరు. నేతలో గట్టిగా వచ్చిన అంచునే అలాగే వుంచుతారు. మఫ్లరు చేసేవారికి ఇందులో పాఠమున్నది. అంచును రెండు మడతలు వేస్తే మూడు పొరలవుతాయి. ఇంత మందపు బట్ట మూడు పొరలైతే అంచు బెత్తంవలె బిగుసుకొని మెడను ఒరుస్తుంది.

కాబట్టి ముందు చూడవలసినది రంగుల వరస. చాలా టార్టన్లలో ఆ వరస ఒక గీతవద్ద ఆగి, అద్దంలోవలె వెనుకకు మరలుతుంది. ఆ గీత మఫ్లరుకు నడుమ పడితే ఇరుపక్కలా సమంగా వుంటుంది. పక్కకు జరిగితే కోత తిన్నగా వున్నా కంటికి వంకరగానే తోస్తుంది. తరువాత కోయదలచినచోట ఒక పోగును లాగివేసి, ఆ సందు వెంబడి కత్తెర నడపవలె. రెండు కొసలా మూడేసి అంగుళాలమేర అడ్డపోగులు తీసివేస్తే నిలువుపోగులు కుచ్చులుగా మిగులుతాయి. రెండు పాయలను విడివిడిగా ఒకే దిక్కుకు పురిపెట్టి, కలిపి ఎదురు దిక్కుకు పెనవేసి, కొసను ముడివేయవలె. పాయల పురి విడిపోజూస్తే పెనవేసిన పురి బిగుస్తుంది. తాడు నిలిచేది ఈ సూత్రం మీదనే. చీరచెంగుకు కుచ్చులు ముడివేసే మన ఇళ్ళ ఆడవారికి ఈ పని బొత్తిగా కొత్త కాదు. పొడుగు అంచులలో మూడు నాలుగు పోగులు మాత్రం తీసి, వాటి మొదట సన్నని కుట్టు ఒక్కటి నడిపితే చాలును.

ఇంత బరువుబట్ట మెడకు పనికిరాదు, మెత్తని గొర్రెపిల్ల ఉన్నియే మేలు అనేవారున్నారు. వట్టి మెడకు తగిలేదైతే వారి మాట నిజమే. కాని కోటుమీద వేసుకొనే మఫ్లరుకు బరువే గుణం. అది గాలికి తేలికగా ఎగిరిపోదు. కిల్టు కుట్టగా మిగిలిన ముక్కకు ఇంతకంటె మంచి ఉపయోగం నాకు తోచదు.

కోసిన ప్రతి అంచునూ మడిచి కుట్టవలెననే నియమం చెడ్డదని నేననను. సన్నని నూలుబట్టకు అది అవసరం. పోగు జారకుండా వుండడానికే ఆ నియమం పుట్టిందని చెప్పకుండా నేర్పినప్పుడే చిక్కు వస్తుంది. కారణం తెలిసిన పిల్లవాడు బట్టను చేతిలోకి తీసుకొని, ఇక్కడ పోగును నిలిపే ఉపాయం వేరే వున్నదా అని చూస్తాడు. తెలియనివాడు దుప్పటినీ రుమాలునూ ఒకే తీరున మడుస్తాడు.

చేతిపనికి మార్కులు వేసేటప్పుడు కుట్టు ఎంత సన్నం, ఎంత తిన్నన అని చూస్తాము. ఇక్కడ ఎందుకు కుట్టలేదని కూడ అడిగి, ఆ సమాధానానికీ మార్కులు వేయవలెనని ఉపాధ్యాయులకు నా మనవి. మడవని అంచు చూపి తగిన కారణం చెప్పగలిగిన విద్యార్థి, చక్కగా మడిచి కారణం చెప్పలేని విద్యార్థికి ఎంతమాత్రం తీసిపోడు.