ఐదు మాత్రల ఆశువు

అష్టావధానానికి తలలూపే మనం జాజ్ అనగానే "కట్టుబాటు లేని గోల" అని పెదవి విరవడం న్యాయమేనా? నాతోటి పండితమిత్రులు ఆ సంగీతాన్ని వినకుండానే తిడతారు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన తరువాత ఇక్కడ పెరిగిన హైటెక్ సిటీ యువతరం వినకుండానే మెచ్చుకుంటుంది. మాదాపూరు కాఫీ దుకాణాలలో శాక్సఫోన్ గోడకు కొట్టిన సున్నం వంటిది. ఉంటే చాలు, ఎవరూ చూడరు. ఉభయులపైనా నా అభియోగం ఒక్కటే: మీరు విననేలేదు.

'టేక్ ఫైవ్'నే తీసుకుందాం. 1959లో డేవ్ బ్రూబెక్ బృందం 'టైమ్ ఔట్' ఆల్బం కోసం రికార్డు చేసిన ఈ కృతికి కర్త, ఆ బృందంలో ఆల్టో శాక్సఫోన్ విద్వాంసుడైన పాల్ డెస్మండ్ (1924–1977). జాజ్‌కు అలవాటైన నడక నాలుగు మాత్రలది. ఇది ఐదు: తకిట తక. మన ఖండచాపు తక తకిట. విరుపు తారుమారైనదే గాని లెక్క ఒక్కటే. అంతకు ముందటి ఏడు ఆ బృందం మన దేశంలో పర్యటించింది; అందువల్లనే ఈ ఐదు పుట్టిందని మాత్రం నేననను.

పియానో ఆ ఐదు మాత్రలనూ విడువకుండా తిప్పుతూ ఉంటుంది. ఆ చట్రంలో డెస్మండ్ అప్పటికప్పుడు కల్పన చేయాలి. చార్లీ పార్కర్ (1920–1955) ప్రభంజనం తరువాత ఆల్టో పట్టినవారిలో ఎందరో ఆయన వేగం వెంట పరుగెత్తారు. డెస్మండ్ పరుగెత్తలేదు. ఆయన మితభాషి. ఆ నాదం శరత్కాలపు ఏటినీటివలె తేటగా, ఒత్తిడి లేకుండా సాగుతుంది. ఒక పలుకు పలికి ఆగుతాడు. ఆ పలుకునే మరో స్థాయిలో తిరగేసి, దానికి తానే బదులిస్తాడు.

ఇది కట్టుబాటు లేకపోవడమా? నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు అడుగడుగునా అడ్డుపడుతుంటే పద్యం నడిపించే అవధానికి ఎంత నిగ్రహం కావాలో ఇక్కడా అంతే కావాలి. ఒక పాట మధ్యలో మరో పాట తునకను అతుకు కనబడకుండా పొదగడం డెస్మండ్‌కు పరిపాటి. దత్తపది కాక మరేమిటిది? పదమిచ్చే పృచ్ఛకుడూ తానే, పూరించే అవధానీ తానే!

"అవధానంలో అర్థముంది, ఊదుడులో ఏముంది?" అంటారేమో. మన రాగాలాపనలో మాటలున్నాయా? దానికి కన్నీరు పెట్టుకున్న చెవులే కదా ఇవి!

యువమిత్రులకు మరొక మాట. ప్రోగ్రాములు రాసేవారికి నియమాల మధ్య ఉపాయం వెదకడం నిత్యకృత్యం. మీకు అందని విద్య కాదిది. కాని వినడం మరచిన చెవికి నేడు జాజ్ సున్నమైతే రేపు అవధానమూ సభాలంకారమే. శిల్పకళావేదికలో శాలువా కప్పి పంపేస్తాం. పద్యం ఎవరికీ పట్టదు. నా బెంగ అదీ.

ఆ కృతి నిడివి సుమారు ఐదున్నర నిమిషాలు. ల్యాప్‌టాప్ మూసి, వేళ్లు మడిచి ఐదేసి మాత్రలు లెక్కపెడుతూ వినండి. పండితులూ వినండి. ఆ పిమ్మట తిట్టదలిస్తే నిరభ్యంతరంగా తిట్టండి. బదులు చెప్పడానికి నేను సిద్ధం.