నాలుక ఎత్తి చూపిస్తే సరిపోతుందా?

హైదరాబాద్‌లో బోరబండ పక్కనే ఎర్రగడ్డ. నిజాం కాలంలో జాల్నాలో ఉన్న మానసిక వైద్యశాల 1953లో ఇక్కడికి తరలివచ్చింది. ఆ తర్వాత మందులు మారాయి, చట్టమూ మారింది. దేశంలో మానసిక వార్డుల్లో పనిచేసే చాలామందిలో ఒక్క నమ్మకం మాత్రం అలాగే ఉంది: ‘పేషెంట్ చేతికి మాత్రలిస్తే ఇంకేమన్నా ఉందా?’

అందుకే ఆ తంతు. సిస్టర్ పేరు పిలుస్తుంది, మాత్ర ఇస్తుంది. మింగాక నోరు తెరవాలి, నాలుక ఎత్తాలి. ఎందుకీ మాత్ర అని అడిగితే ‘డాక్టర్ రాశారు, వేసుకో’ అంటారు. డిశ్చార్జి నాడు అదే మనిషి చేతికో, వెంట ఉన్న తల్లి చేతికో వారాలకు సరిపడా స్ట్రిప్పులు పెట్టి పంపుతారు. లోపల ఒక్క పూట మాత్రకు పనికిరాని మనిషి గేటు దాటగానే ఎలా పనికొచ్చాడు? దీన్ని జాగ్రత్త అనలేం. ప్రమాదాన్ని ఇంటివాళ్ల నెత్తిన పెట్టడమిది.

బైపోలార్ అనే మానసిక జబ్బుకు లిథియం వాడే ఆటో డ్రైవర్ సంగతే చూడండి. రక్తంలో ఆ మందు చాలామందికి లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. మే ఎండలో మాదాపూర్, హైటెక్ సిటీ గిరాకీలు కొట్టి, చెమటలు కారి, నీళ్లు చాలకపోతే అది పెరుగుతుంది. నడుం నొప్పికి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొని వేసుకుంటే ఇంకా పెరగొచ్చు. చేతులు విపరీతంగా వణికినా, వాంతులైనా, నడక తూలినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఇవన్నీ అతనికి ఎవరు చెప్పాలి? ఎప్పుడు చెప్పాలి?

‘మాత్రలు చేతికిస్తే, దాచుకుని అన్నీ ఒకేసారి మింగితే?’ అంటారు. ఆ భయం నిజమే. ఆత్మహత్య ఆలోచనలున్నవారికి మాత్రలు అప్పగించమని ఎవరూ అడగడం లేదు. బ్రిటన్‌లో, వార్డులోనే పేషెంట్లు తమ మందులు తామే వేసుకునే పద్ధతి పాటించే ఆసుపత్రులు మెట్టు మెట్టుగా వెళ్తాయి. మొదట నర్సు ఇచ్చి వివరిస్తుంది. తర్వాత పేషెంటే వేళకు వచ్చి, నర్సు ఎదుట తన మాత్ర తాను తీసుకుంటాడు. చివరికి కొద్ది రోజుల మందులు తాళమున్న పెట్టెలో అతని దగ్గరే ఉంటాయి. పరిస్థితి మారితే మళ్లీ కింది మెట్టుకు. అక్కడి నర్సులకూ ఇవే భయాలున్నాయి, అయినా పని ఆగలేదు.

‘ఇంతమందికి ఎప్పుడు నేర్పాలి?’ అన్నది సిస్టర్ల న్యాయమైన గోడు. సిబ్బందిని ప్రభుత్వం పెంచి తీరాలి. కానీ పేషెంటు తన స్ట్రిప్పు తానే గుర్తుపట్టి తీసుకోవడానికి బడ్జెట్ అక్కర్లేదు.

2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఇతరులకు తప్పనిపించే నిర్ణయం తీసుకున్నంత మాత్రాన మనిషికి సామర్థ్యం లేదనకూడదని నాలుగో సెక్షన్ చెబుతోంది. డిశ్చార్జి తర్వాతి చికిత్స గురించి ఆ వ్యక్తితోనూ సంప్రదించాలని 98వ సెక్షన్ అంటోంది.

కాబట్టి ఇంటికి పంపే ముందు కనీసం వారం రోజులు, సిస్టర్ కళ్లెదుటే, పేషెంటును తన మాత్రలు తానే తీసుకోనివ్వాలి. పొరపడితే దిద్దడానికి మనుషులు అక్కడే ఉంటారు. ఆ వారం ఎలా గడిచిందో డిశ్చార్జి కాగితంలో రాసి డాక్టర్ సంతకం పెట్టాలి.